మైనస్ ఇరవై మార్కుల చొక్కా

"అన్నా, కౌన్సిల్ జాబ్ అంటే బోర్ కదా?" అని పెర్త్‌లో కొత్తగా చదువు ముగించిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ నన్ను అడుగుతుంటారు. బోరే. కౌన్సిల్ అంటే ఇక్కడి మున్సిపాలిటీ లాంటిది. చెత్త డబ్బాలు, పార్కు బెంచీలు, లైబ్రరీ కార్పెట్లు కొనే సెక్షన్‌లో నేను కొన్నేళ్లు పనిచేశాను. ఇప్పుడు ఒక గనుల కంపెనీకి కన్వేయర్ బెల్టులు కొంటున్నాను. జీతం ఎక్కువ, బోరు ఇంకా ఎక్కువ. ముప్పై దాటీ దాటకుండానే పెన్షన్ తీసుకుంటున్నవాడిలా జ్ఞాపకాలు రాయడం కొంచెం ఎబ్బెట్టుగానే ఉంది. కాని ఆ కౌన్సిల్‌కు ఇక తిరిగి వెళ్లేది లేదు, కాబట్టి అక్కడి వరకు నేను రిటైరైనట్టే. మా కౌన్సిల్ ఒక చొక్కా కొనబోయి రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లిన సంగతి చెబుతాను. ఇక్కడ ప్రతి రాష్ట్రానికీ ఒక సుప్రీంకోర్టు ఉంటుంది, మన హైకోర్టు లాంటిది. అందులో సాక్షిగా నిలబడ్డది నేనే.

మాది వరంగల్ వైపు. పత్తి బస్తాల లారీల వెనక సైకిల్ తొక్కుతూ బడికి వెళ్లాను. తర్వాత టెక్స్‌టైల్ ఇంజనీరింగ్ చదివాను. అది నేను కోరుకున్న బ్రాంచి కాదు, వచ్చిన ర్యాంకుకు దొరికిన బ్రాంచి. పెర్త్‌లో మాస్టర్స్ అయ్యాక ఆ కౌన్సిల్ కొనుగోళ్ల సెక్షన్‌లో చేరాను. నన్ను తీసుకోవడానికి మూడు కారణాలని మా మేనేజర్ చెప్పింది. ఒకటి, లెక్కలు వచ్చు. రెండు, జాబితాలంటే ఇష్టం. మూడోది ఆమె చెప్పేలోపు ఫోన్ వచ్చింది, తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఆమెకు గుర్తు రాలేదు.

ఆమె యాభై దాటిన ఆస్ట్రేలియన్. నన్ను, మేయర్‌ను, ఫొటోకాపీ మిషన్ బాగుచేసే మనిషిని, అందరినీ "డార్ల్" అనే పిలిచేది, డార్లింగ్ అన్నదానికి పొట్టి రూపం. గట్టిగా నవ్వేది. ఆ నవ్వు వినిపిస్తే కింది అంతస్తులో పన్ను కట్టడానికి వచ్చినవాళ్లు తలెత్తి చూసేవాళ్లు. టెండర్ నియమాలు మాత్రం ఆమెకు కంఠస్థం.

ఆ ఏడాది మా డిపోలో, అంటే రోడ్లూ పార్కులూ చూసే సిబ్బంది పనికి బయల్దేరే చోట, పనిచేసేవాళ్లకు కొత్త హై-విజ్ చొక్కాలు కొనాలి. హై-విజ్ అంటే దూరం నుంచి కూడా కొట్టొచ్చినట్టు కనిపించే పసుపు, నారింజ రంగుల చొక్కాలు. ఇక్కడ రోడ్డు మీదా పార్కులోనూ పనిచేసేవాళ్లు అవి లేకుండా పనిలోకి దిగకూడదు. టెండర్ పిలిచాం. దేనికి ఎన్ని మార్కులో ముందే పత్రంలో ప్రకటించాం: ధరకు ఇన్ని, మన్నికకు ఇన్ని, రంగు నిలవడానికి ఇన్ని, సమయానికి అందించడానికి ఇన్ని. కంపెనీలు గడువులోగా టెండర్లతో పాటు నమూనా చొక్కాలు కూడా పంపాయి. వాటిని డిపోవాళ్లకు ఇచ్చి, కొన్ని రోజులు వేసుకుని ఎలా ఉన్నాయో చెప్పమన్నాం.

అన్నిటికంటే మంచి చొక్కా ఒక కుటుంబ కంపెనీది. దాని యజమాని ఒక పెద్దాయన. గుడ్డ చేతిలోకి తీసుకున్నప్పుడే నాకు తెలిసిపోయింది, మంచి పొడుగు పింజ పత్తి అని. డిపోవాళ్లు కూడా అదే అన్నారు. ఒక్కామె మాత్రం ఆ చొక్కాను మడిచి, నా టేబుల్ మీద పెట్టి, "ఇది నేను వేసుకోను" అంది.

ఆమె కౌన్సిల్ గులాబీ తోటలు చూసుకునే మనిషి. డిపోలో అందరూ ఆమెను రోజ్ లేడీ అనేవాళ్లు. నేను ఇక్కడ గులాబీలావిడ అంటాను. ఆమె ఏ దేశం నుంచి పారిపోయి వచ్చిందో రాయను, అడిగితే ఆమె మీకే చెబుతుంది. నేను సైజు సరిపోలేదేమో అనుకుని, సైజుల పట్టిక తీశాను. ఆమె చొక్కా కాలర్ తిప్పి లోపలి లేబుల్ చూపించింది. ఫలానా ప్రాంతపు నాణ్యమైన పత్తి అని దాని మీద బంగారు రంగు అక్షరాలు ఉన్నాయి.

"ఇది మా ప్రాంతం. అక్కడ పత్తి ఏరడానికి మనుషులను ఇళ్లలోంచి తీసుకెళ్తారు. రానంటే కుదరదు. మా చెల్లెలిని తీసుకెళ్లారు. ఆ తర్వాత దాని ఫోన్ రాలేదు" అంది.

నేను పట్టిక మూసేశాను. వెళ్లి మేనేజర్‌ను పిలుచుకొచ్చాను. మేనేజర్ ఆ రోజు నవ్వలేదు. ఆమె ఒక్కదానికి వేరే కంపెనీ చొక్కా తెప్పిస్తానంది. గులాబీలావిడ తల అడ్డంగా ఊపింది. తను వేరేది వేసుకున్నా, పక్కన గడ్డి కోసేవాళ్ల ఒంటి మీద అదే ఉంటుంది కదా, రోజంతా దాన్ని చూస్తూ ఎలా పనిచేయాలి అని అడిగింది. బెదిరింపులా కాదు, సెలవు చీటీ ఇచ్చినంత మామూలుగా చెప్పింది: ఆ చొక్కాలు డిపోలోకి వచ్చిన రోజున తను ఉద్యోగం మానేస్తుంది.

ఆ గులాబీలన్నీ ఆమె చేతుల మీద పెరిగినవే. అంతకుముందు ఆ తోటలో గులాబీ అని బోర్డులు మాత్రమే ఉండేవట.

సంగతి డిపోలో ఒకరి నుంచి ఒకరికి పాకి, ఒక కౌన్సిలర్ చెవిన పడింది. తర్వాతి సమావేశంలో ఆ కౌన్సిలర్ తీర్మానం పెట్టాడు: ఆ ప్రాంతపు పత్తితో చేసిన ఏ వస్తువూ మన కౌన్సిల్ కొనకూడదు. ఒక్కరు తప్ప అందరూ చేతులెత్తారు. ఎత్తనాయన, విదేశాల సంగతి కాన్‌బెర్రాలోని కేంద్ర ప్రభుత్వం చూసుకుంటుంది, మన పని చెత్త డబ్బాలు అన్నాడు. జనం ఆయన మీద గొణిగారు. గులాబీలావిడ వెనక వరుసలో కూర్చుని ఏడ్చింది. మేమందరం మంచి పని చేశామని సంతోషంగా ఇళ్లకు వెళ్లాం.

మర్నాడు పొద్దున ఆ మంచి పని నా కంప్యూటర్ ముందుకు వచ్చింది. టెండర్ల గడువు అప్పటికే అయిపోయింది. మార్కుల పద్ధతి అందరికీ ప్రకటించేశాం. ఇప్పుడు ఈ తీర్మానాన్ని అందులో ఎక్కడ పెట్టాలి? మా లీగల్ ఆఫీసర్ సెలవు మీద ఎక్కడో చేపలు పడుతున్నాడు. మేనేజర్ బడ్జెట్ సమావేశానికి పరుగెత్తుతూ, "ఎలాగో ఒకలాగ మార్కుల్లో కలుపు, డార్ల్" అని వెళ్లిపోయింది.

నేను కలిపాను. మన దగ్గర అఖిల భారత ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షకు రెండేళ్లు రుబ్బినవాడికి తప్పుకు శిక్ష అంటే తట్టేది ఒక్కటే. పట్టికలో కొత్త గడి చేర్చాను. దానికి ఎర్ర రంగు వేశాను. ఆ పెద్దాయన కంపెనీకి ఎదురుగా మైనస్ ఇరవై అని కొట్టాను. మొదటి స్థానంలో ఉన్న కంపెనీ మూడో స్థానానికి జారింది. పట్టిక ఎంత శుభ్రంగా ఉందో! మేనేజర్ సాయంత్రం హడావిడిగా చూసి సంతకం పెట్టింది. అంతవరకు రెండో స్థానంలో ఉన్న కంపెనీకి కాంట్రాక్టు ఇస్తున్నామని కౌన్సిల్ ప్రకటించింది.

పెద్దాయన కంపెనీ కారణం అడిగింది. ఇక్కడ ఓడినవాళ్లు అడిగితే మార్కులు చూపించాలి. నేను గర్వంగా ఎర్ర గడితో సహా పంపాను. కొన్ని వారాలకు కోర్టు కాగితాలు వచ్చాయి.

లీగల్ ఆఫీసర్ సెలవు నుంచి వచ్చి ఆ కాగితాలు చదివాడు. వాళ్లవి రెండు వాదనలని మాకు చెప్పాడు. మొదటిది పెద్దది: విదేశాల్లో జరిగే అన్యాయానికి ఇక్కడి కంపెనీని వెలివేసే అధికారం స్థానిక కౌన్సిల్‌కు చట్టం ఇచ్చిందా? రెండోది చిన్నది: టెండర్ పత్రంలో లేని కొలతతో మార్కులు ఎలా తీశారు? పెద్దదాని కోసం పేపర్లవాళ్లు కూడా వస్తారన్నాడు. నేను పెద్దదాని గురించే భయపడ్డాను.

కేసు నడిచినంత కాలం కొత్త చొక్కాలు రాలేదు. డిపోవాళ్లు పాతవే వేసుకున్నారు. పెర్త్ ఎండలకు వాటి పసుపు వెలిసి వెన్న రంగుకు వచ్చింది. సేఫ్టీ ఆఫీసర్ రోజూ వచ్చి, మైదానంలో మీరు నాకు కనిపించడం లేదని మొత్తుకునేవాడు. గడ్డి కోసేవాళ్ల నాయకుడు, తలుపంత వెడల్పున్న మనిషి, "నీకు కనిపించకపోతే మాకు హాయే, మేట్" అనేవాడు. తాత్కాలికంగా నెట్ గుడ్డ జాకెట్లు ఇస్తామంటే, ఉక్కపోత అని తీసుకోలేదు. కొత్తవి అడిగితే ఆ చొక్కాలే వస్తాయని, గులాబీలావిడ ఉండాలనే వాళ్లు వెలిసిన చొక్కాల్లో తిరుగుతున్నారని నాకు ఆలస్యంగా అర్థమైంది. ఆ మాట పైకి ఎవరూ అనలేదు.

అప్పుడు నేను పెర్త్ శివారున పియారా వాటర్స్‌లో ఒక తెలుగు కుటుంబం ఇంట్లో గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. ఆ ఇంటి అంకుల్‌ది జనగామ. కోర్టుకు వెళ్లేముందు రోజు రాత్రి, చపాతీలు తింటుండగా, నేను జవాబుల జాబితా ఒకటి తయారుచేశానని చెప్పాను.

"తమ్మీ, ఆ లిస్టు ఇంట్ల పెట్టి పో" అన్నాడు అంకుల్. "అడిగినదానికే జవాబు చెప్పు. నువ్వు పాయింట్ వన్, పాయింట్ టూ అని మొదలువెడితే జడ్జికి లంచ్ టైం దాటిపోతది."

"మరి తెలిసింది చెప్పాలె కదా, అంకుల్."

"తెలిసిందంత చెప్పేటోన్ని సాక్షి అనరు తమ్మీ, సుట్టం అంటరు."

ఆంటీ నా పళ్లెంలో ఇంకో చపాతీ వేస్తూ, పిల్లగాన్ని భయపెట్టకు అంది. హైస్కూల్లో చదివే వాళ్లమ్మాయి ఫోన్ నుంచి తల ఎత్తకుండా, "హీల్ బి ఫైన్, డాడ్. హీ కాంట్ లై టు సేవ్ హిజ్ లైఫ్" అంది. ప్రాణం మీదికొచ్చినా నాకు అబద్ధం చెప్పడం రాదట. అదే కదా నా భయం అన్నాడు అంకుల్.

కోర్టు హాలు నిండిపోయింది. పెద్ద ప్రశ్న కోసం వచ్చినవాళ్లే అందరూ: మానవ హక్కుల సంఘాలవాళ్లు, పక్క కౌన్సిళ్లవాళ్లు, యూనివర్సిటీ లా విద్యార్థులు. గులాబీలావిడ సెలవు పెట్టుకుని వచ్చి రెండో వరుసలో కూర్చుంది. ఆమె పక్కన మా మేనేజర్. ముందు వరుసలో చొక్కాల పెద్దాయన, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని.

పెద్దాయన కంపెనీ బారిస్టర్ మర్యాదగల మనిషి. నా చదువు గురించి అడిగి, పత్తి గురించి నాలుగు మంచి మాటలు మాట్లాడించాడు. నాకు హాయిగా అనిపించింది. తర్వాత ఎర్ర గడి ఉన్న పట్టిక చేతికిచ్చాడు.

"టెండర్ పత్రంలో మార్కులు సున్నా నుంచి మొదలవుతాయి కదా?"

"అవును."

"మరి ఈ కంపెనీకి మైనస్ ఇరవై ఎలా వచ్చింది?"

"నేను వేశాను."

"మైనస్ మార్కుల పద్ధతి పత్రంలో ఏ పేజీలో ఉంది?"

"ఏ పేజీలోనూ లేదు."

"మరి మీకు ఎక్కడి నుంచి వచ్చింది?"

అంకుల్ మాట గుర్తుంది. అడిగినదానికే చెప్పాలి. చెప్పాను: "ఇండియాలో ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష నుంచి."

హాల్లో ఒకరిద్దరు నవ్వారు. ఆ జవాబుకు బారిస్టర్ కూడా తయారుగా లేడు, కాగితాలు తిరగేశాడు. జడ్జి గారు కళ్లద్దాలు తీసి నా వైపు తిరిగి, ఆ పరీక్ష ఎలా ఉంటుందో చెప్పమన్నారు. నేను చెప్పాను. సరైన జవాబుకు మార్కులు ఇస్తారు, వదిలేస్తే సున్నా, తప్పు రాస్తే ఉన్న మార్కుల్లోంచి తీసేస్తారు.

"అయితే ఈ కంపెనీ ఏ ప్రశ్నకు తప్పు జవాబు రాసింది?" అని అడిగారు జడ్జి గారు.

నేను పట్టిక చూశాను. ఎన్నో నెలలుగా నా దగ్గరే ఉన్న పట్టిక. అయినా ఆ ప్రశ్న నాకు ఎప్పుడూ తట్టలేదు.

"రాయలేదు, యువర్ ఆనర్. ఆ ప్రశ్న వాళ్లను ఎవరూ అడగలేదు" అన్నాను.

మా లీగల్ ఆఫీసర్ పెన్ను మూత పెట్టేశాడు. మేనేజర్ మొహానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందని కంగారుపడ్డాను. నవ్వు ఆపుకుంటోంది.

బయటికి వచ్చాక మెట్ల దగ్గర గులాబీలావిడ ఎదురైంది. తప్పించుకుని పోవడానికి దారి లేదు. క్షమించమన్నాను.

"ఆ పరీక్షలో నీకు మైనస్ మార్కులు బాగా పడ్డాయా?" అని అడిగింది.

"చాలా పడ్డాయి. కోరుకున్న సీటు పోయింది."

"అదీ సంగతి. అందుకే వాటి మీద నీకంత నమ్మకం" అంది. తర్వాత, "మా దేశంలోనూ అంతే. అడగని ప్రశ్నకు శిక్ష పడుతుంది. ఇక్కడ అలా వద్దులే" అంది. అని మేనేజర్ కారు వైపు నడిచింది. వెళుతూ వెళుతూ, ఆ చొక్కాలు వస్తే తను మానేయడం మాత్రం ఖాయమేనని గుర్తుచేసింది.

నేను ఇంకా ఆ మెట్ల మీదే ఉండగా చొక్కాల పెద్దాయన వచ్చి చేయి కలిపాడు. ఆ పత్తిని వెనకేసుకు రావడానికి తను కోర్టుకు రాలేదన్నాడు. లేబుల్ మీద ఏముందో కూడా మా మార్కులు చూశాకే చదివాడట, ఆ లేబుళ్లు గుడ్డతో పాటు మిల్లు నుంచే వస్తాయట. ముందే అడిగి ఉంటే జవాబు వెతికేవాణ్ణి, దొరక్కపోతే టెండర్ వేసేవాణ్ణి కాదు, పరీక్ష అయిపోయాక పేపర్ మార్చారనే నా బాధ అన్నాడు. పరీక్ష అనే మాట ఆయన కావాలనే వాడాడని నా అనుమానం.

తీర్పు మాకు వ్యతిరేకంగా వచ్చింది. పేపర్లవాళ్లకు నిరాశ. విదేశాల సంగతి కౌన్సిల్ పరిధిలోకి వస్తుందా లేదా అన్న పెద్ద ప్రశ్నకు ఈ కేసులో జవాబు చెప్పాల్సిన అవసరమే లేదన్నారు జడ్జి గారు. ప్రకటించని కొలతతో మార్కులు తీయడం చెల్లదు, కాబట్టి ఆ నిర్ణయాన్ని కొట్టేస్తున్నాం, ప్రకటించిన కొలతలతోనే మళ్లీ తేల్చండి అన్నారు. అంటే పెద్దాయనే మొదటి స్థానం. ఆ చొక్కాలు వచ్చేస్తాయి, గులాబీలావిడ వెళ్లిపోతుంది.

తీర్పు వచ్చిన పొద్దున నేను రాజీనామా చేయాలా అని మేనేజర్‌ను అడిగాను. ఆమె నన్ను పట్టించుకోలేదు. టెండర్ పత్రం తీసి చివరి పేజీలో వేలు పెట్టింది. అందరూ చదవకుండా వదిలేసే వాక్యం: వచ్చిన టెండర్లలో దేన్నీ ఒప్పుకోవాల్సిన బాధ్యత కౌన్సిల్‌కు లేదు.

"ఎవరికీ ఇవ్వం. మళ్లీ మొదటి నుంచి పిలుస్తాం. ఈసారి ముందే అడుగుదాం, డార్ల్" అంది.

లీగల్ ఆఫీసర్ చట్టం తిరగేసి, అలా చేయవచ్చన్నాడు. కౌన్సిల్ ఒప్పుకుంది. కొత్త ప్రశ్న రాయడానికి మేము ముగ్గురం చాలా రోజులు కూర్చున్నాం. పత్తి ఎక్కడ పండింది, ఎక్కడ వడికారు, ఎక్కడ నేశారు, పనిచేసేవాళ్లు తమ ఇష్టంతో పనిచేశారని మీకెలా తెలుసు, ఆధారాలు చూపించండి. మార్కులు సున్నా నుంచి పైకి మాత్రమే. ఆధారం అసలే లేకపోతే టెండర్ పరిశీలించం. అన్ని కంపెనీలకూ, అన్ని దేశాలకూ ఒకే ప్రశ్న. ఏ దేశం పేరూ లేదు.

అక్కడే ఇంకో చిక్కు. ముసాయిదా చూసి గులాబీలావిడ, మా ప్రాంతం పేరు తీసేశారా అని అడిగింది. తీసేశామన్నాను. ఆమె కొన్ని రోజులు నాతో మాట్లాడలేదు. పేరు ఉంటే మళ్లీ కోర్టులో పెద్ద ప్రశ్న లేస్తుందని లీగల్ ఆఫీసర్ భయం. ఆ భయం సరైనదే. ఆమె కోపం కూడా సరైనదే.

కొత్త టెండర్‌కు తక్కువ కంపెనీలే వచ్చాయి. పెద్దాయన మళ్లీ వేశాడు. ఈసారి పత్తి వేరు, మన ఆస్ట్రేలియా తూర్పు వైపు పొలాలది. కాగితాలు పొలం నుంచి కుట్టు వరకు ఉన్నాయి. గుడ్డ మునుపటంత మెత్తగా లేదు, ధర కాస్త ఎక్కువ. స్వల్ప తేడాతో ఆయనే గెలిచాడు. మార్కులు నేను వేశాను, మేనేజర్ వేసింది, బయటి నుంచి ఒకర్ని పిలిచి వాళ్లతోనూ వేయించాం.

చొక్కాలు వచ్చిన రోజు నేను డిపోకు వెళ్లాను. నాకు అక్కడ పనేమీ లేదు. మేనేజర్‌కూ లేదు, ఆమె కూడా వచ్చింది. పెద్దాయనే స్వయంగా వ్యాన్ నడుపుకుంటూ వచ్చి, వెనక తలుపులు తెరిచి, ఒక్కొక్కరి కొలత చూసి చొక్కా ఇస్తున్నాడు. గులాబీలావిడ చివర నిలబడింది. ఆమె ఎవరో ఆయనకు తెలియదు. ఈ గొడవంతా నడిచిన కాలంలో వాళ్లిద్దరూ ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

ఆమె వంతు వచ్చింది. చొక్కా తీసుకోలేదు.

"ఈ పత్తి ఎక్కడిది?" అంది.

పెద్దాయన ఆమె వైపు చూశాడు. అర్థమైందనుకుంటాను. టోపీ తీశాడు. పొలం ఉన్న ఊరు, మిల్లు ఉన్న ఊరు, కుట్టిన ఊరు చెప్పాడు.

"నువ్వు వెళ్లి చూశావా?"

"మిల్లు చూశాను. కుట్టేచోటు చూశాను. పొలం చూడలేదు, ఫొటోలే" అన్నాడు ఆయన. చూశానని అనేస్తే సరిపోయేది. అనలేదు.

గడ్డి కోసేవాళ్ల నాయకుడు కొత్త చొక్కా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు, మిగతావాళ్లు కూడా. ఎవరూ ఇంకా తొడుక్కోలేదు.

"పొలం కూడా చూసి రా" అంది ఆమె.

"ఈ నెల్లోనే వెళ్తాను."

"వచ్చి నాకు చెప్పు. నేను గులాబీ తోటలో ఉంటాను."

అప్పుడు చేయి చాపింది. పాత చొక్కా మీదే కొత్తది తొడుక్కుంది. చేతులు పొడుగయ్యాయి. పెద్దాయన చిన్న సైజు వెతుకుతానని వ్యాన్లోకి వంగుతుంటే, వద్దని చెప్పి, మణికట్టు దగ్గర రెండు మడతలు పెట్టుకుంది. కత్తెర జేబులో దోపుకుని, క్రికెట్ మైదానం మీదుగా తోట వైపు నడిచింది. మా మేనేజర్ ముక్కు చీదుకుని, ఎండ ఎక్కువగా ఉందని ఎవరూ అడక్కుండానే చెప్పింది. మిగతావాళ్లు చొక్కాలు తొడుక్కోవడం మొదలుపెట్టారు. మైదానం అవతలి చివరకు చేరి, మొక్కల మధ్య వంగిన తర్వాత కూడా, ఆమె మాకు స్పష్టంగా కనిపిస్తూనే ఉంది.